పంటల పండుగ – పిల్లల వాఙ్మయం

తెలుగు పల్లెల్లో ఒకరు మరొకరికి మేలు చేస్తే, మేలు పొందినవాడు ఆ సంగతి నోరు విప్పి చెప్పడానికి ఇంటి మాట ఒకటి లేదు. ‘కృతజ్ఞత’ సంస్కృతం, ఉత్తరాల చివరనూ ఉపన్యాసాల మొదటనూ అగుపించే మాట. ‘ధన్యవాదాలు’ సభల మాట. ఇటీవల కొందరు ‘నెనరులు’ అంటున్నారు. నెనరు అంటే ప్రేమ, దయ అనే పెద్దల వాడుక. ఇక ‘థాంక్సు’ సంగతి చెప్పనక్కరలేదు. బడిపిల్లల నోట అది ఎంత తేలికగా వస్తున్నదో అంత తేలికగానే పోతున్నది. ఇంతమాత్రాన మనవారికి మేలు ఎరిగే గుణం లేదనుకుంటే పొరపాటు. మండుటెండలో చెంబెడు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చిన పిల్లను చూచి ముసలమ్మ “నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ” అంటుంది. విస్తరి ముందునుంచి లేచిన అతిథి “అన్నదాతా సుఖీభవ” అంటాడు. పుచ్చుకున్నవాడు తన సంతోషం సంగతి ఎత్తడు. ఇచ్చినవాని బాగు కోరుతాడు. మన భాషలో కృతజ్ఞతకు రూపం దీవెన.

పిల్లల కోసం పాటలూ కథలూ వ్రాయబూనిన వారికి ఈ తేడా చాల ముఖ్యమైనది. ఎందుకంటే పంటల పండుగను గురించి, అన్నం పెట్టినవారిని తలచుకోవడం గురించి పిల్లలకు చెప్పే వాఙ్మయం లోకంలో విస్తారంగా ఉంది. అందులో మంచిదిన్నీ ఉంది, పిల్లలను మోసగించేదిన్నీ ఉంది. ఏది ఏదో తెలియాలంటే ఒక్క అమెరికా ఉదాహరణ చాలును. అక్కడ నవంబరు నెలలో నాలుగవ గురువారంనాడు ‘థాంక్స్‌గివింగ్’ అనే పండుగ జరుపుకుంటారు. పంట ఇంటికి వచ్చిన తరువాత బంధువులందరూ ఒకచోట కూడి భోజనం చేయడం ఆ పండుగలో ప్రధానం. మన సంక్రాంతికి దూరపు చుట్టం అనవచ్చు.

ఈ పండుగకు పిల్లల వాఙ్మయానికీ గల చుట్టరికం విడ్డూరమైనది. మన బాలవాడుల్లో సయితం పిల్లలు చేతులు ఊపుతూ పాడే మేరీ గొఱ్ఱెపిల్ల పాట ఉంది గదా! దాన్ని 1830లో ప్రకటించినావిడ సారా జోసెఫా హేల్. థాంక్స్‌గివింగును దేశమంతటికీ ఒకే రోజున జరిగే పండుగగా చేయాలని పట్టుపట్టినదిన్నీ ఆవిడే. తాను సంపాదకత్వం వహించిన స్త్రీల పత్రికలో ఏళ్ళ తరబడి వ్రాసింది, గవర్నర్లకు వ్రాసింది, అధ్యక్షులకు వ్రాసింది. చివరకు 1863లో, అంతర్యుద్ధం మంచి తీవ్రతలో ఉండగా, అధ్యక్షుడు లింకను ఆమె కోరిన విధంగా ప్రకటన చేశాడు. నాలుగవ గురువారం అన్న చట్టం మాత్రం 1941లో వచ్చింది. పిల్లల పాట కట్టిన చేతితోనే ఒక జాతికి పండుగను కట్టిపెట్టిన రచయిత్రి మరొకరు ఉన్నారో లేదో.

ఆ పండుగను గురించిన పిల్లల పాటల్లో మిక్కిలి ప్రసిద్ధమైనది లిడియా మరియా చైల్డ్ 1844లో వ్రాసినది. బానిసత్వాన్ని ఎదిరించి కలం పట్టిన ధీర ఆమె. ఆ పాటలో ఒక పిల్లవాడు మంచు మీద గుఱ్ఱపు బండిలో తాతగారి ఇంటికి పోతుంటాడు. పోవడమే పాట. పండుగ ఎందుకు, ఎవరికి కృతజ్ఞత అన్న ప్రసంగం అందులో పెట్టుకోలేదు. గాలి ముక్కును కొరకడం, దారి, గుఱ్ఱం, ఎప్పుడు చేరుతామా అన్న తహతహ – పిల్లవానికి పండుగ అంటే ఇదే. భోగికి ముందు రోజు కిక్కిరిసిన బస్సులో అమ్మమ్మగారి ఊరికి పోయే మన పిల్లవాని మనసున్నూ ఇదే. పాట నేటికీ బ్రతికి ఉండడానికి కారణం ఆవిడ నీతి చెప్పకుండా దారి చెప్పడం.

లూయిసా మే ఆల్కాట్ కథ ఒకటి 1881లో వచ్చింది. ‘పాతకాలపు థాంక్స్‌గివింగ్’ అన్నది దాని పేరుకు తెలుగు. అమ్మమ్మకు జబ్బుగా ఉన్నదని కబురు రాగా తల్లీ తండ్రీ బయలుదేరిపోతారు. పిల్లలు ఒంటరిగా మిగిలి పండుగ వంట తామే చేయడానికి పూనుకుంటారు. వంటలో వేయవలసిన ఆకులకు బదులు చేదు ఆకులు వేస్తారు. నవ్వు వస్తుంది, నవ్వుతూ ఉండగానే, తల్లి రోజూ చేసే పని ఎంతటిదో చదివే పిల్లకు బోధపడుతుంది. కథకురాలు వేలు చూపి చెప్పదు. కథ వ్రాయబోయే ఉపాధ్యాయులు ఈ ఒక్క కిటుకూ గ్రహిస్తే పది పాఠాలు చదివినట్టే.

ఇంతవరకు మంచి సంగతి. ఇక రెండవది. అమెరికా పాఠశాలల్లో తరతరాలుగా చెబుతూ వచ్చిన కథ ఒకటుంది. ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన యాత్రికులు ప్లిమత్ అనేచోట దిగి, చలికీ ఆకలికీ సగంమంది చనిపోగా, మిగిలినవారు 1621 శరత్కాలంలో తొలి పంట కోసుకుని విందు చేసుకున్నారు. ఆ దేశపు ఆదివాసులు ఆ విందుకు వచ్చారు. అందరూ కలిసి భుజించారు. పిల్లలు కాగితపు టోపీలు పెట్టుకొని, ఈకలు తలకు కట్టుకొని ఈ కథను నాటకంగా ఆడేవారు. విందు జరిగిన మాట నిజమే. సుమారు 50 మంది ఆంగ్లేయులు అక్కడ ఉన్నారు. వాంపనోగ్ జాతివారు 90 మంది వచ్చారనీ, వాంపనోగులు అయిదు జింకలను వేటాడి తెచ్చి ఇచ్చారనీ ఆనాటి ఉత్తరం ఒకటి చెబుతున్నది. అతిథులు అనబడినవారే ఆ పూట ఆతిథ్యం ఇచ్చారన్నమాట!

అంతకంటె పెద్ద సంగతి కథలో ఒక మూలకు పడి ఉన్నది. ఆ తొలి పంట ఎట్లా పండింది? ఆ నేలకు పనికివచ్చే ధాన్యం మొక్కజొన్న. దాన్ని ఎప్పుడు విత్తాలో, సారం కోసం పాదులో చేపను ఎట్లా పాతిపెట్టాలో ఆంగ్లేయులకు నేర్పినవాడు టిస్క్వాంటమ్ అనే ఆదివాసి. 1614లో ఒక ఆంగ్ల నావికుడు అతన్ని మోసంతో పట్టుకొని స్పెయిన్ దేశంలో అమ్మడానికి తీసుకుపోయాడు. అక్కడినుంచి ఎట్లాగో ఇంగ్లండు చేరి, 1619లో స్వగ్రామానికి తిరిగి వచ్చేసరికి, ఊరు ఊరంతా అంటువ్యాధితో తుడిచిపెట్టుకుపోయి ఉంది. ఆ పాడుపడిన ఊరి నేలమీదనే యాత్రికులు ఇళ్ళు కట్టుకున్నారు. తనను అమ్మజూపిన జాతివారికే, తనవారి బూడిద మీదనే, అతడు సేద్యం నేర్పాడు. మరుసటి సంవత్సరమే, 1622లో, చనిపోయాడు. పిల్లల పుస్తకాల్లో అతడు చాలాకాలం ‘స్నేహశీలి అయిన ఆదివాసి’గా ఒక్క వాక్యంలో వచ్చి పోయేవాడు. గురువు ఒక్క వాక్యం, శిష్యులు పుస్తకమంతా!

ఆదివాసులు ఊరకుండలేదు. 1970 నుంచి ప్రతి ఏడూ థాంక్స్‌గివింగు నాడే ప్లిమత్‌లో సంతాపదినం పాటిస్తున్నారు. పిల్లల పుస్తకాలున్నూ మారుతున్నాయి. చెరొకీ జాతి రచయిత్రి ట్రేసీ సొరెల్ 2018లో ఒక బొమ్మల పుస్తకం వెలువరించింది. ఏడాదిలో నాలుగు ఋతువులలోనూ తమవారు దేనిదేనికి కృతజ్ఞత తెలుపుతారో అందులో ఉంది. ఒక్కరోజు పండుగ కాదన్నది ఆవిడ భావం. 2022లో వచ్చిన ‘కీపునుముక్’ అనే మరొక పుస్తకంలో ఆ పాత విందు కథనే మొక్కజొన్న వైపునుంచి చెప్పారు. మొక్కజొన్న తల్లి, దాని తోబుట్టువులైన చిక్కుడూ గుమ్మడీ ఆ కథలో పాత్రలు. కథ అదే, చెప్పేవారు మారేసరికి మూలనున్నవారు నడుమకు వచ్చారు.

ఎక్కడి అమెరికా, ఎక్కడి ధవళేశ్వరం అని పాఠకులు అడగవచ్చు. అచ్చంగా ఇటువంటి కథ ఒకటి మన గోదావరి ఒడ్డునే ఉన్నది. మన పాఠశాలల్లో దాన్ని చెప్పే తీరున్నూ అటువంటిదే. ఈ వ్యాసం వ్రాయడానికి అదే కారణం.

రాజమహేంద్రవరానికి దిగువన, గోదావరి పాయలుగా చీలే చోట ధవళేశ్వరం ఉంది. కొండ, కొండమీద జనార్దనస్వామి ఆలయం, కింద సముద్రంవంటి ఏరు. పందొమ్మిదవ శతాబ్ది తొలి సగంలో ఈ ఏరు పక్కనే ఉండి గోదావరి మండలం ఆకలితో మాడింది. నందన నామ సంవత్సరపు కరువు 1833లో వచ్చింది. 1839లో ఉప్పెన కోరంగి తీరాన్ని ముంచివేసింది. 1821లో 7,38,308 ఉన్న మండలపు జనసంఖ్య 1841 నాటికి 5,61,041కి దిగిపోయింది. ఇరవై ఏళ్ళలో ప్రతి నలుగురిలోనూ ఒకరు లేకుండాపోయారు. చచ్చినవారు చావగా మిగిలినవారు వలసపోయారు. నీళ్ళు మాత్రం ఏటేటా సముద్రంలో కలుస్తూనే ఉన్నాయి.

ఆ స్థితిలో ఆర్థర్ కాటన్ దొర వచ్చి, ఏటిని పరిశీలించి, 1844లో తన నివేదిక పంపాడు. (అదే సంవత్సరం అమెరికాలో మంచుబండి పాట అచ్చయింది, లోకం ఎట్లా నడుస్తుందో చూడండి.) పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు పాయలమీద నాలుగు భాగాలుగా ఆనకట్ట నిలిచింది. దానికి కావలసిన రాయి ధవళేశ్వరం కొండను పగలగొట్టి తెచ్చారు. తరువాత ఆ ఆనకట్ట పాతబడగా, 1970లో మొదలుపెట్టి 1982లో ముగించిన కొత్త బ్యారేజి వచ్చింది. దానికిన్నీ కాటను పేరే పెట్టారు. ఈనాడు సుమారు 10 లక్షల ఎకరాలు ఈ నీటితో పండుతున్నాయి.

గోదావరి మండలంవారు కాటనుకు తెలిపిన కృతజ్ఞత మరొక పరాయి అధికారికి ఎవ్వరికీ ఎవ్వరూ తెలిపి ఉండరు. ఏటిలో స్నానం చేసే బ్రాహ్మణులు ఆయనను భగీరథుడని తలచే సంస్కృత శ్లోకం ఒకటి ఇక్కడ వాడుకలో ఉన్నది. పుష్కరాలలో తమ పితరులతోపాటు ఆయనకూ పిండం పెట్టిన రైతులు ఉన్నారు. కోనసీమ ఊళ్ళలో ఆయన విగ్రహం లేని కూడలి వెదకాలి. మే 15న ఆయన పుట్టినరోజు జరుపుతారు. ఒక దొరకు తెలుగువాడు తర్పణం విడవడం అంటే, అది మొదట చెప్పిన దీవెన వంటిదే. మాటతో సరిపెట్టక ఇంటిమనిషిని చేసుకోవడం.

ఇది సంతోషించవలసిన సంగతి. కాని దీనినుంచి పుట్టిన పిల్లల పాఠాన్ని చూడండి. సాధారణంగా మనం చెప్పే పాఠంలో కరువు రెండు వాక్యాలు. దొర గుఱ్ఱమెక్కి తిరగడం, అధికారులతో పోరాడడం ఒక పుట. ఆనకట్ట కట్టెను, పంటలు పండెను, జనులు సుఖించిరి – అక్కడితో సరి. నాలుగు పాయల ఏటిని అయిదు సంవత్సరాలలో ఒక్క మనిషి అడ్డగించినట్టే పిల్లవాడు అనుకుంటాడు. రాళ్ళు ఎవరు పగలగొట్టారు? ఎవరు మోశారు? ఆ కూలీలు ఎండలో ఏమి తిన్నారు? వరద వచ్చినప్పుడు ఎక్కడ తలదాచుకున్నారు? కాటనుకు కుడిభుజంగా నిలిచి, కూలీలను కూడగట్టి, పనిని దగ్గరుండి నడిపి, రాయ్ బహదూరు అనిపించుకున్న వీణం వీరన్న అనే తెలుగువాడు ఉండేవాడని గోదావరి మండలంలోనే ఎందరు పిల్లలకు తెలుసు? వేలాది కూలీల మాట సరేసరి. కాగితపు టోపీల నాటకానికీ దీనికీ ఏమి భేదమో నాకు తోచదు.

కాటను తానే ఈ లోపాన్ని ముందుగా సవరించి పెట్టాడు. ఆ సంగతి పాఠాల్లోకి ఎక్కకపోవడం వింత. గోదావరికి రాకముందు ఆయన కావేరీ మండలంలో పనిచేసి, 1836లో కొల్లిడం మీద ఆనకట్ట కట్టాడు. అక్కడ కావేరి మీద చోళుల నాటి కల్లణై ఉంది. కరికాల చోళుడు కట్టించినదని ప్రసిద్ధి. లోతు తెలియని ఇసుకలో పునాది ఎట్లా నిలుస్తుంది? ఇది ఆనాటి ఐరోపా ఇంజనీర్లకు కొరుకుడుపడని సమస్య. ఆ కిటుకును తాము ఈ దేశపు పూర్వుల పనిని చూచి నేర్చుకున్నామనీ, వారి పాఠాన్ని అనుసరించే వంతెనలూ ఆనకట్టలూ కట్టగలిగామనీ, అందుకు ఆ పేరు తెలియని పనివారికి ఋణపడి ఉన్నామనీ కాటను స్పష్టంగా వ్రాశాడు. ఇంగ్లీషువారి ‘ఆనికట్’ అనే మాటే చూడండి. అది తమిళుల ‘అణైక్కట్టు’. విద్యతోపాటు దాని పేరునూ అరువు పుచ్చుకున్నారు. అరువు తీసుకున్నామని ఆ మాట నేటికీ సాక్ష్యం పలుకుతున్నది.

అంటే ఇక్కడ కృతజ్ఞత ఒక గొలుసు. ధవళేశ్వరం రైతు కాటనుకు పిండం పెడుతున్నాడు. కాటను కావేరీతీరపు పూర్వులకు తలవంచాడు. మొక్కజొన్న పాదులో చేపను పెట్టడం నేర్పిన టిస్క్వాంటమ్‌కూ, ఇసుకలో రాయిని నిలబెట్టడం నేర్పిన ఆ పేరులేని పనివానికీ ఒకటే పీట. పిల్లలకు చెప్పవలసిన కథ ఈ గొలుసంతా. అందులో ఒక్క కడియాన్ని పట్టుకొని బంగారు పూత పూయడం వల్ల కాటనుకు గౌరవం పెరగలేదు. ఆయన మాటనే మనం వినిపించుకోలేదు.

ఇక మన పండుగ పాటల వంక చూద్దాం. అచ్చు పుస్తకాలకు ముందే మన పిల్లలకు పంటల పండుగ వాఙ్మయం ఉండేది. అది నోటిలో ఉండేది. ధనుర్మాసం నెలరోజులూ ఆడపిల్లలు పేడముద్దల మీద గుమ్మడిపూలు గుచ్చి గొబ్బెమ్మలను చేసి, వాటిచుట్టూ తిరుగుతూ పాడేవారు. మగపిల్లలు పిడకలు దండలుగా గుచ్చుకొని భోగిమంటలో వేయడానికి పోటీపడేవారు. గుమ్మడికాయ వంటి అక్షయపాత్రను తలమీద పెట్టుకొని హరిదాసు రాగానే పిల్లల చేతనే బియ్యం పోయించేవారు. పెద్దవారు పోయవచ్చును గదా? పిల్లలచేత పోయించడంలోనే ఉన్నది కీలకం. పుచ్చుకోవడం కంటె ముందు ఇవ్వడం నేర్పేవారు. హరిదాసు దీవించేవాడు. కొత్త వరికంకులను కుచ్చులుగా అల్లి పిచ్చుకల కోసం చూరుకు వ్రేలాడదీసేవారు. ధాన్యంలో పిట్టకూ ఒక పాలు. కనుమనాడు పశువులకు కడుగుడు, కొమ్ములకు రంగులు, మెడలో దండలు. ఆ రోజు ఎద్దుచేత పని చేయించరు. పిల్లవానికి ఇంతకంటె స్పష్టంగా ఎవరు చెప్పగలరు, అన్నం వెనుక ఎద్దు ఉన్నదని?

మరి దసరా పాటల మాట ఉపాధ్యాయులకు చెప్పడం సాహసమే! బడిపంతులు గారు పిల్లలకు రంగుకాగితాల విల్లంబులు పట్టించి, ఇంటింటికీ తీసుకుపోయి పాడించేవారు. ఇంటివారు పంతులుగారికి సంభావన, పిల్లలకు పప్పూ బెల్లమూ ఇచ్చేవారు. పిల్లలు ఆ ఇంటిని దీవించి మరొక గడపకు పోయేవారు. ఏడాదికి ఒకసారి ఊరు తన గురువును తలచుకునే రోజు అది. జీతం సరిగా లేని బడిపంతులు బ్రతుకుతెరువు కూడా అందులో ఉన్నదని మనం మరచిపోరాదు. దాన్ని అంతా అందంగా చిత్రించడం నాకు ఇష్టం లేదు. కళ్ళంలో చాకలికీ, మంగలికీ, కమ్మరికీ, వడ్రంగికీ కొలిచే మేర కూడా అటువంటిదే. కుప్ప నూర్చగానే, గాదెకు చేరకముందే, ఊరి పనివారి పాలు వారికి పోయేది. అది కృతజ్ఞతా, కూలియా? రెండున్నూ. పిడికెడు గింజలతో ఏడాది చాకిరీని తీర్చివేసిన ఆసాములూ ఉన్నారు. కాని పంట ఒక్కని కష్టం కాదని కళ్ళంలో నిలబడ్డ ప్రతి పిల్లవానికీ కంటితో కనిపించేది. యంత్రం కోసి, యంత్రం నూర్చి, ధాన్యం పొలంనుంచే లారీ ఎక్కే ఈ రోజుల్లో ఆ దృశ్యం లేదు. కంటికి కనిపించనిదాన్ని కథ చూపించాలి. పిల్లల వాఙ్మయం మీద బరువు పెరిగిందని నేననేది ఇందుకే.

ఆ నోటి వాఙ్మయం పూర్తిగా పోకుండా దక్కించినవారిలో రాజమహేంద్రవరం దగ్గరి కొంతమూరులో పుట్టిన నేదునూరి గంగాధరం గారిని ముందు చెప్పుకోవాలి. ఊరూరా తిరిగి జానపదుల పాటలూ సామెతలూ ఏరి, ‘మిన్నేరు’, ‘వ్యవసాయ సామెతలు’ వంటి సంపుటాలుగా అందించారు. అట్లాగే చింతా దీక్షితులు గారు. తూర్పుగోదావరి మండలం దంగేరులో 1891లో పుట్టి, విద్యాశాఖలో పనిచేసి, పిల్లల నోటికి అందే తెలుగు ఎట్లా ఉండాలో ‘లక్క పిడతలు’లో చూపించారు. ‘చందమామ’ 1947లో వచ్చేనాటికే ఇటువంటివారు దారి వేసి ఉంచారు. ఈ ఇద్దరిలోనూ నాకు నచ్చేది ఒకటే. వీరు పిల్లవాణ్ణి చిన్నవాడుగా చూడరు. వాడు చూచేదాన్ని వాడి ఎత్తునుంచే చూస్తారు.

తరువాతివారు సంక్రాంతి మీద పిల్లలకు వ్రాసిన గేయాలు లెక్కకు మిక్కిలి. ప్రతి జనవరిలోనూ వస్తాయి. ముగ్గులు, గొబ్బెమ్మలు, అరిసెలు, గాలిపటాలు, కొత్త బట్టలు, చివరకు “వచ్చింది సంక్రాంతి” అన్న కేక. వరుస కూడా మారదు. వీటిని చెడ్డవని అనలేను. పిల్లలు పాడుకుంటారు, చప్పట్లు కొడతారు. అయితే వీటిలో వరి ఎక్కడ? కోతకు వంగిన నడుము ఎక్కడ? అరిసె ఉన్నది గాని అరిసెకు బియ్యం దంచిన చెయ్యి లేదు. అంతకన్న నాకు లోటుగా తోచేది పరిగె పిల్లలు లేకపోవడం. కోతలయిన చేలో రాలిన కంకులను ఏరుకోవడాన్ని పరిగె ఏరడం అంటారు. డెల్టా ఊళ్ళలో పేదపిల్లలు చలిపొద్దున మోకాళ్ళదాకా మంచు తడుస్తూ పరిగె ఏరి, ఆ గింజలను కొట్లో పోసి బెల్లంముక్కో మరమరాలో కొనుక్కునేవారు. పొలం గలవాడు రాలిన కంకిని ఎత్తుకోకుండా వదలివేయడం ఒక మర్యాద. వదలినవాడు, ఏరినవాడు, నడుమ ఒక కంకి – ఎంత చక్కని కథ! అరిసెలు తిన్న పిల్లవాడి పాట నూరుసార్లు వచ్చింది. పరిగె ఏరిన పిల్లవాడి పాట నా కంటపడినంతలో బహు అరుదు.

గోదావరి మండలంలోనే మరొక కథ ఉంది. దాన్ని ఇప్పుడు ప్రతి బడిపిల్లా తింటున్నది అనవచ్చు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళకాని వేళ అని చూడక వచ్చినవారందరికీ వండి పెట్టారు. ఏరు దాటి ఆకలితో వచ్చేవారికి ఆ ఇంటి తలుపు తెరచి ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో బడుల మధ్యాహ్న భోజన పథకానికి 2024లో ఆమె పేరు పెట్టారు. మంచి పని. అయితే పేరు గోడమీద ఉన్నంతమాత్రాన కథ పిల్లలకు చేరదు. ఆనకట్ట పుట్టినప్పుడు సీతమ్మగారు పదేళ్ళ పిల్ల. ఆ నీటితో పండిన బియ్యమే ఆమె పెద్దయ్యాక వండి వార్చింది. కాటను కథా, సీతమ్మ కథా ఒకే కాలువమీద నడుస్తాయి. మన పుస్తకాల్లో మాత్రం అవి రెండు వేరువేరు పాఠాలుగా, ఒకదాని మొగం ఒకటి చూడకుండా ఉంటాయి.

అమెరికాలో ఉన్న మన పిల్లల సంగతి కూడా ఇక్కడ జ్ఞాపకం వస్తున్నది. నవంబరు వచ్చేసరికి వారి బడిలో ‘నేను దేనికి కృతజ్ఞుణ్ణి’ అని ఒక పట్టిక వ్రాయమంటారు. అమ్మ, నాన్న, బొమ్మలు, కుక్కపిల్ల – ఇట్లా సాగుతుంది పట్టిక. ఆ పట్టికలో గోదావరిని చేర్చవలసిన భారం ఇక్కడి తాతలమీదా అమ్మమ్మలమీదా ఉంది. దూరవాణిలో సంక్రాంతి శుభాకాంక్షలు చెప్పడానికి అరనిమిషం చాలు. మిగిలిన పది నిమిషాలు ఒక కథకు వినియోగించవచ్చు.

ఏమి కథ చెప్పాలి, ఎట్లా వ్రాయించాలి అని అడిగే ఉపాధ్యాయ మిత్రులకు నాకు తోచినది చెబుతాను. పట్టిక వ్రాయించవద్దు. ‘సంక్రాంతి’ అని వ్యాసమూ వ్రాయించవద్దు. “సంక్రాంతి హిందువుల ముఖ్యమైన పండుగ” అన్న మొదటి వాక్యం ముప్ఫైమంది దగ్గరా వస్తుంది. మధ్యాహ్నం కంచంలోని ఒక్క మెతుకును తీసుకుని వెనక్కు నడవమనండి. వండిన ఆయా పేరు ఏమి? ఆమె ఎన్ని గంటలకు పొయ్యి వెలిగిస్తుంది? ఆ బియ్యం ఏ మిల్లునుంచి వచ్చింది? మిల్లుకు ముందు ఏ ఊరి పొలం? నాట్లు వేసినది ఎవరు? ఆ పొలానికి నీరు ఏ కాలువది? కాలువ ఎక్కడ పుట్టింది? ఇట్లా నడిస్తే డెల్టాలో ఏ ఊరి పిల్లవాడైనా చివరకు ధవళేశ్వరం చేరి తీరుతాడు. ఒక తరగతి పిల్లలు తలా ఒక మజిలీ పంచుకుంటే చాలు, పాతిక పుటల పుస్తకం అవుతుంది. అందులో ఆయా ఒక పాత్ర, బస్తా మోసినవాడొక పాత్ర, కాలువ తూము దగ్గర లస్కరు ఒక పాత్ర. నీతివాక్యం వ్రాయడానికి చోటు మిగలదు, మిగలకపోవడమే మంచిది.

ధవళేశ్వరంలోనే ఉన్న పిల్లలకు మరొక సౌకర్యం ఉంది. బ్యారేజి ఎదుట నిలబడవచ్చు. కాటను పేర ఉన్న ప్రదర్శనశాలలో ఆనాటి పనిముట్లను చూడవచ్చు. కొండ ఎక్కి, రాయి తీసిన వైపు ఎట్లా ఉన్నదో కంటితో చూచి, ఆ రాయి ఎక్కడికి పోయిందని అడగవచ్చు. కొండే కథ చెబుతున్నట్టు వ్రాయమంటే ఎనిమిదవ తరగతి పిల్లలు ఎంత బాగా వ్రాస్తారో! నా శరీరంలో సగం ఏటిలో ఉన్నది, పై సగం దేవుణ్ణి మోస్తున్నది అని కొండ మొదలుపెట్టవచ్చు. సమ్మెట దెబ్బలు లెక్కపెట్టవచ్చు. వీరన్నగారు తెల్లవారుజామున కూలీలను పిలిచిన కేక దానికి వినిపించి ఉంటుంది.

ఇక ఇసుకలో పునాది నిలబెట్టే విద్య తెలిసిన ఆ కావేరీతీరపు పనివాడు ఉన్నాడు. కాటను అతన్ని చూడలేదు. అతని పనిని మాత్రమే చూశాడు. అతనికి చరిత్రలో పేరు లేదు. పిల్లలు కథ వ్రాసేటప్పుడు అతనికి ఒక పేరు పెట్టమనండి, ఒక ఊరు ఇవ్వమనండి, ఏటి ఒడ్డున ఇసుకలో ఆడుకునే ఒక కూతురిని ఇవ్వమనండి. రాయి ఎందుకు మునగకుండా నిలిచిందని ఆ పిల్ల తండ్రిని అడుగుతుంది. అతడు ఏమి జవాబు చెప్పాడో వ్రాయడం పిల్లల వంతు.